టింగు రాని శుక్రవారం

వెనక్కి చెరపమని మీట నొక్కితే చెరపదేం ఇది, పైగా టోపీ గుర్తొకటీ దాని పక్కన హెచ్ అక్షరమొకటీ తెచ్చి పెడుతోంది, పొమ్మన్న చుట్టం ఇంకో చుట్టాన్ని వెంటేసుకొచ్చినట్టు, కొత్త కంప్యూటరంటే కొత్త ఎద్దే, అదిలిస్తే ఎటు తిరగాలో తెలీదు, ప్రత్తిపాడు చేలో నాన్న శివనాగరాజు కొత్త గిత్తకి దున్నకం నేర్పేటప్పుడు కాడికి రెండోవైపు పాత ఎద్దుని కట్టేవాడు, అది తిరిగినచోట ఇదీ తిరిగేది, ఆ లెక్కన పక్క బల్ల మీద మూలుగుతున్న పాత కంప్యూటర్లోంచి మీటల అలవాట్లు తీసి దీనికి నేర్పితే సరిపోతుంది, అనుకుంది సంతోషకుమారి, అనుకుంటూ కుర్చీ పక్కకి లాక్కుంది, కుర్చీలో పాత దుప్పటి మడిచి కుట్టిన మెత్త ఉంది, ఆ మెత్త మాబూబీ కుట్టింది, మొగుడికి నడుంనొప్పని, మొగుడంటే మొహిద్దీన్ బాషా, మూడు వారాల కిందటిదాకా ఈ కుర్చీ ఆయనది, ఇరవై రెండేళ్లు ఆయనది, ఇప్పుడు తనది, ఈ మధ్యాహ్నం మూడింటికి ఆయన వచ్చి మెత్తా టిఫిన్ క్యారేజీ పట్టుకుపోతాడు, పోయేముందు ఓ కాగితం మీద సంతకం పెడతాడు, మూడో గదిలో సరుకు నా నిర్లక్ష్యం వల్లే పాడైంది, చేయని పని చేసినట్టు పుస్తకంలో రాశాను అని, అది పెట్టాక గుంటూరు చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీ వాళ్లూ ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వరు, యాభై నాలుగేళ్ల మనిషి, ఏం చేస్తాడో, అయినా తప్పు చేశాడు, ఎవరు మాత్రం ఏం చేయగలరు, మెత్త మాత్రం సుఖంగా ఉంది.

కిటికీ బయట మే నెల ఎండ, నల్లపాడు రోడ్డు మీద తారు కరిగి లారీ టైర్ల కింద చిరచిరమంటోంది, కింద గదుల్లో మాత్రం దుప్పటి కప్పుకోవాల్సిన చలి, ఆ చలికి మిరపకాయల టిక్కీలు, కూరి కుట్టిన గోతాలు, కప్పుదాకా పేర్చి ఉంటాయి, రైతు రేటు కోసం ఎదురుచూస్తుంటే కాయ రంగు పోకుండా నిద్రపోతుంటుంది, ఆ నిద్ర చెడకుండా కాపలా కాయడమే ఈ పైగదిలో పని, ఎమ్ సీ ఏ చదివి మిరపకాయల్ని జోకొడతన్నావటే అని అత్తయ్య ఎగతాళి, జోకొట్టడం కూడా చేత్తో కాదు, కీబోర్డుతో, ఈ కంప్యూటర్లో బొమ్మల్లేవు, మౌసుతో పనిలేదు, నల్ల తెర, తెల్ల అక్షరాలు, ఏం కావాలన్నా ఆ మాట టైపు చేసి ఎంటర్ కొట్టాలి, గదులు వింటాయి, మిగతా గదుల్లో అన్నీ వాటంతటవే జరిగిపోతాయి గానీ మూడో గదికి టైమరు కాలిపోయి రెండేళ్లయింది, చల్లదనమిచ్చే పైపుల మీద మంచు పేరుకుంటే దాన్ని కరిగించడానికి సెలవులు తప్ప రోజూ గంటో గంటన్నరో హీటర్లు వేసి ఆపాలి, వేయమని ఒక కమాండు, ఆపమని ఒక కమాండు, ఈ సీజను కానీయండి మార్పిద్దాం అని ఓనరు శ్రీమన్నారాయణ గారు రెండు సీజన్లుగా అంటూనే ఉన్నాడు, అందుకని రెండేళ్లుగా బాషా గారే చేత్తో వేసి చేత్తో ఆపుతూ వచ్చాడు, ఒక్కరోజూ తప్పలేదు, ఏప్రిల్ రెండో శుక్రవారం దాకా, సరే, ఇప్పుడవన్నీ ఎందుకు, సాయంత్రం పాత సామాన్ల బుడాన్ వచ్చి ఈ పాత కంప్యూటర్ని తూకానికి వేసుకుపోతాడు, ఈలోగా తన ఫైలు తీసుకోవాలి, ఎక్కడ పెట్టింది, మీటల ప్రవర్తనంతా ఒకే ఒక్క చిన్న ఫైలు, ఇన్‌పుట్ ఆర్‌సీ అంటారు, నాలుగు వరసలు రాస్తే కీబోర్డు నీ మాట వింటుంది, తన పేరుతో ఉన్న అరలో ఉండాలి, లేదు, ఇంకోసారి చూసింది, లేదు, అదేమిటి, తనే రాసింది కదా, వేళ్లకి గుర్తుంది, పచ్చి జామకాయ కొరుకుతూ రాసింది, జామకాయ ఉప్పు కీబోర్డు మీద పడితే ఊదింది కూడా, మరి ఆ ఫైలు ఏమైపోయింది.

ఎందుకు రాసిందో కూడా బాగా గుర్తే, ఆ టింగు, ఆ దిక్కుమాలిన టింగు, ఏ మీటైనా ఫలించకపోతే పెట్టెలోంచి టింగుమనేది, తను సగం మాట కొట్టి మిగతాది నువ్వే పూర్తి చెయ్యి అని మీట నొక్కితే, దానికి తెలీకపోతే టింగ్, వెనక్కి చెరిపి చెరిపి మొదటికొస్తే టింగ్, తలనొప్పి రోజుల్లో నెత్తిన మేకు దిగ్గొట్టినట్టుండేది, పొరుగు టేబులు దగ్గర బాషా గారు మాత్రం ఆ టింగు వింటే చిన్నగా నవ్వేవాడు, అమ్మాయ్, అది తిట్టు కాదు, హెచ్చరిక, మా అలీ సాహెబ్ గారి టైపు మిషన్లలో వరస చివరికొస్తే ఇలాగే గంట మోగేది, ఆ గంట లేకపోతే కాగితం దాటి రోలరు మీద కొట్టుకుపోయేవాళ్లం, అనేవాడు, సరేలెండి, మీ గంట మీరు కట్టుకోండి మెళ్లో, అని తను అనేది, ఇంకోటి ఆ పై బాణం, పాత కమాండు మళ్లీ కావాలంటే పై బాణం నొక్కుతూ వెనక్కి పోవాలి, ఒక్కోటీ ఒక్కోటీ, అరవై సార్లు నొక్కితే గానీ కావలసింది దొరకదు, అదే నాలుగు అక్షరాలు కొట్టి పై బాణం నొక్కితే ఆ అక్షరాలతో మొదలయ్యేవి మాత్రమే వచ్చేలా చేస్తే, ఎక్కడో చదివింది, రెండే వరసలు, ఆ శుక్రవారం బాషా గారు జుమ్మా నమాజుకి వెళ్లగానే, గదిలో ఎవరూ లేరు కదా అని, పై బాణానికి కొత్త బుద్ధి నేర్పింది, టింగుకి నోరు మూసింది, కొత్త అలవాటు పట్టాలంటే తెర మీద తెరిచి ఉన్న కిటికీలన్నీ మూసి మళ్లీ తెరవాలి, మూసింది, తెరిచింది, తన కిటికీ, దాంతో పాటు, ఎందుకో చెయ్యి ఆగింది సంతోషకుమారికి, దాంతో పాటు పక్కన బాషా గారి కిటికీ కూడా మూసి తెరిచింది కదూ, ఏముందిలే ఒకేసారి అయిపోతుందని.

దొరికింది, ఫైలు దొరికింది, తన అరలో కాదు, ఈటీసీ అనే పెద్ద అరలో, ఆ అరలో పెట్టింది ఒక్కరికి కాదు, ఈ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా అందరికీ, అయ్యో, అదేం పని, మెయింటెనెన్సు అతను పెద్ద పాస్‌వర్డు ఇచ్చి పోయాడు కదాని దాంతో లోపలికెళ్లి రాసేసింది, తన గుమ్మంలో వేసుకోవాల్సిన ముగ్గు ఊరి బజారు మధ్యలో వేసింది, పైగా ఇన్నాళ్లూ తన గుమ్మంలోనే వేశాననుకుంది, సరే, అయితే ఏమైంది, బాషా గారికీ అదే పై బాణం, అదే నిశ్శబ్దం, దానివల్ల ఏమైపోతుంది, ఖాళీ వరస మీద పై బాణం నొక్కితే పాతలాగే పని చేస్తుంది, తను ఆ రోజే చూసుకుంది, అక్షరాలేమీ కొట్టకుండా నొక్కి చూసింది, ముందరి కమాండు వచ్చింది, దానికి ముందరిది వచ్చింది, అక్షరాలు కొట్టి నొక్కితేనే తేడా, ఆయన అక్షరాలు కొట్టడుగా, ఆయన పని రెండు పై బాణాలు, ఒక ఎంటరు, అంతేగా, అంతేనా, ఒళ్లంతా ఒక్కసారి, ఏసీ గాలి కాదు, ఏసీ ఆగిపోయి పదినిమిషాలైంది, ఒళ్లంతా మూడో గది తలుపు తీసినప్పుడు మొహం మీద కొట్టే చలి లాంటిది, ఏ ఎస్ డి ఎఫ్.

ఏ ఎస్ డి ఎఫ్, ఆయన ముందుగా కొట్టేది అది, ఎప్పుడు కూర్చున్నా ఏం కొట్టబోయినా ముందు ఎడమచేతి నాలుగు వేళ్లూ నాలుగు మీటలు తాకాల్సిందే, బ్రాడీపేట నాలుగో లైన్లో అలీ సాహెబ్ గారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పెట్టిన బుద్ధి, మీటల మీద గుడ్డ కప్పి కొట్టించేవాడట అలీ సాహెబ్, కళ్లు కాగితం మీద, వేళ్లు మిషన్ మీద, కిందకి చూస్తే స్కేలు దెబ్బ, టైపు లోయరు పరీక్ష ఫస్టు క్లాసులో పాసైనవాడు మీటల్ని చూడడు, కొట్టిందాన్నీ చూడడు, రాయాల్సిందాన్ని చూస్తాడు, అని బాషా గారు గొప్పగా చెప్పేవాడు, ఏమిటండీ బాషా గారూ, ప్రతిసారీ ఆ ఏ ఎస్ డి ఎఫ్, మీ కంప్యూటరుకి ఓనమాలా, అని తను అడిగితే, బిస్మిల్లా అనుకో అమ్మా, వేళ్లు ఇంటికొచ్చాయో లేదో చూసుకోవద్దూ, అనేవాడు, తొడిమలు తీసే ఆడవాళ్లని చూడు, కబుర్లు చెప్పుకుంటూ తీస్తారు, ఎవరైనా కాయని చూస్తారా, వేలికి తెలుసు, మా తాత పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఎద్దుల బేరం చేసేవాడు, కళ్లు ఎటో, మాటలెటో, బేరం వేళ్లలో, చేతికి తెలిసిందాన్ని కంటిని అడక్కూడదమ్మాయ్, అనేవాడు, అని ఏ ఎస్ డి ఎఫ్ కొట్టి, రెండు పై బాణాలు నొక్కి, ఎంటర్ కొట్టి, కళ్లు మాత్రం ఒళ్లో ఉన్న పుస్తకం మీదే పెట్టి టైము రాసుకునేవాడు, పాత అలవాటులో పై బాణం నొక్కగానే ఆ ఏ ఎస్ డి ఎఫ్ మాయమై దాని స్థానంలో పాత కమాండు వచ్చి కూర్చునేది, అక్కడికీ ఆయన తెలివి, మూడో గదికి ఆన్ అయితే ఆఫ్, ఆఫ్ అయితే ఆన్, ఇంకేమీ కొట్టడు గనక రెండు మెట్లు వెనక్కి వెళ్తే ఎప్పుడూ కావలసిందే దొరుకుతుంది, రెండేళ్లుగా దొరికింది, కానీ కొత్త అలవాటులో, తను పెట్టిన అలవాటులో, ఏ ఎస్ డి ఎఫ్ కొట్టి పై బాణం నొక్కితే, ఏ ఎస్ డి ఎఫ్‌తో మొదలయ్యే పాత కమాండు కోసం వెతుకుతుంది, లోకంలో ఏ గదికీ అలాంటి కమాండు లేదు, దొరకదు, దొరకనప్పుడు టింగుమనాలి, రెండు సార్లు నొక్కితే రెండు టింగులు, ఆ టింగు వింటే ఆయన తలెత్తేవాడు, టైపు ఇన్‌స్టిట్యూట్ మనిషి గంట మోగితే తలెత్తకుండా ఉండడు, కానీ టింగు లేదు, టింగు నోట్లో గుడ్డ కుక్కింది ఎవరు.

కాదు, కాదులే, ఇదంతా తను ఊహించుకుంటోంది, భయానికి బుద్ధి పరిపరివిధాల పోతుంది, చూస్తే తెలిసిపోతుందిగా, బాషా గారి కిటికీలో ఆయన కొట్టిన ప్రతి వరసా టైముతో సహా ఉంటుంది, నష్టం లెక్క రాయడానికొచ్చిన ఇంజినీరు ఇది చూడలేదు, గది మిషన్లు వాటంతటవే రాసుకునే లాగ్ చూశాడు, అందులో హీటర్లు ఆన్ అని ఉంది, ఆఫ్ అని లేదు, పుస్తకంలో మాత్రం బాషా గారి గుండ్రటి చేతిరాతలో శుక్రవారం రెండూ పదికి ఆఫ్ అని ఉంది, అంటే ఆపకుండానే ఆపానని రాశాడు, దొంగ రాత, అని రెండు మాటల్లో తేల్చాడు, శని, ఆదివారాలు మిర్చి యార్డుకి సెలవు, ఇక్కడా గేటు తీసినవాళ్లు లేరు, గది బయట చలి ఎంతో చూపించే ముల్లు ఎప్పుడో ఆగిపోయింది, సోమవారం పొద్దున తలుపు తీస్తే లోపల్నించి ఆవిరి, పైపుల మీది మంచు అంతా నీళ్లై టిక్కీల మీద కారి, ఆ వేడికి ఉడికి, ఎర్రటి తేజ రకం కాయ తెల్లటి బూజు కప్పుకుని, ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది, ఘాటు కాదు, తడిసిన పాత గోతం వాసన, అంకమ్మ, ఆమె ముప్పై రెండు టిక్కీలూ అందులోనే, కౌలు చేను, నల్లి తెగులొస్తే చెట్టు చెట్టుకీ మందు కొట్టి కాపాడుకున్న కాయ, ఆమె దోసెడు బూజు కాయలు తీసి బాషా గారి మొహాన కొట్టింది, ఏవయ్యో సాయిబూ, నీకు నేనేం అన్యాయం చేశానయ్యా, నీ చేతులు పడిపోను, నీ చేతులు పడిపోను, అని రొమ్ము బాదుకుంటూ, తను ఈ గది కిటికీలోంచే చూసింది, బాషా గారు మొహం తుడుచుకోలేదు, కారం కళ్లలో పడి నీళ్లు కారుతున్నా రెండు చేతులూ ముందుకు చాపి వాటినే చూసుకుంటూ నిలబడ్డాడు, కొట్టానమ్మా, నేను ఆపానమ్మా, నా చేతికి తెలుసమ్మా, అంటూ, టిక్కీలు మోసే ముఠా వాళ్లు నవ్వారు, చేతికి తెలుసంట, అని.

కనపడింది, చూడకూడదనుకుంటూనే చూసింది, వరసలన్నీ ఒకటే మాదిరి, డీఫ్రాస్ట్ త్రీ ఆన్, డీఫ్రాస్ట్ త్రీ ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్, మగ్గం మీద నాడె అటూ ఇటూ పోయినట్టు, రెండేళ్ల నేత, ఒక్క పోగు తెగలేదు, చిట్టచివర శుక్రవారం పన్నెండూ ముప్పై ఒకటికి ఆన్, ఆ తర్వాత రెండూ పదికి, సరిగ్గా రెండూ పదికి, పుస్తకంలో ఆయన రాసిన అదే నిమిషానికి, ఏ ఎస్ డి ఎఫ్, అంతే, ఆఫ్ ఉండాల్సినచోట ఆ నాలుగు అక్షరాలు, దారి తప్పిన దూడ గేటు బయట నిలబడ్డట్టు, ఆయన ఆపాడు, ఆపడానికి చేయాల్సిందంతా చేశాడు, ఏ ఎస్ డి ఎఫ్, పై బాణం, పై బాణం, ఎంటర్, పుస్తకంలో దొంగ రాత లేదు, ఉన్నదల్లా ఆయన చేసిందే, ఫైలు మీద తేదీ చూసింది, అదే శుక్రవారం, ఒంటిగంటా ఇరవై రెండు, పన్నెండూ ముప్పై ఒకటికీ రెండూ పదికీ మధ్య ఒంటిగంటా ఇరవై రెండు, మధ్యలో తను, జామకాయతో, చేతులు పడిపోను, ఎవరి చేతులు, ఎవరి చేతులని అంది అంకమ్మ, కీబోర్డు మీద తన వేళ్లు చూసుకుంది, వేళ్లు తనవి కానట్టు చల్లగా పడి ఉన్నాయి, గోళ్లకి మొన్న కజిన్ అనూష పెళ్లిలో పెట్టిన గోరింటాకు సగమే మిగిలి ఎర్రగా, మిరపకాయ రంగులో.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఒకటి నెమ్మదిగా, నడుంనొప్పి మనిషిది, వెనక ఇంకోటి గట్టిగా, శ్రీమన్నారాయణ గారి కొత్త చెప్పులు, మూడు కావడానికి ఇంకా పావుగంట ఉంది కదా, ముందే వచ్చేశారేం, తెర మీద ఆ వరస అలాగే మెరుస్తోంది, ఒక్క కమాండుతో చెరిపేయొచ్చు, చరిత్రంతా తుడిచేసే కమాండు కూడా ఉంది, చిన్నదే, సాయంత్రం బుడాన్ తూకానికి వేసుకుపోతే అసలు ఎవరికీ ఏమీ, ఏమిటిది, ఎవరి ఆలోచన ఇది, తనదేనా, ఈ కుర్చీ, పెద్ద ఆపరేటరు పని, తన పాపకి బడి మార్పించడం, శివనాగరాజు కూతురు సంతోషమ్మ పని బాగా చేస్తుందని అందరిలో మెచ్చుకున్న ఓనరు నోరు, ఏవన్నా ఉంటే బాషా గారు నాకు చెప్పాలి కదండీ అని ఆ సోమవారం తను శ్రీమన్నారాయణ గారితో అన్న మాట, ఎంత అమాయకంగా అంది, అమాయకత్వమేనా, ఏమ్మా సంతోషమ్మా బాగున్నావా, అంటూ బాషా గారు లోపలికి వచ్చాడు, మూడు వారాల్లో గడ్డం తెల్లబడింది, కుర్చీలో తను ఉండడం చూసి ఒక క్షణం ఆగి, లేవకు లేవకు, మెత్త తర్వాత తీసుకుంటాలే, మాబూబీ అడిగింది గనక గానీ, అన్నాడు, వెనకనే శ్రీమన్నారాయణ గారు, ఇక్కడే పెట్టేయవయ్యా బాషా, కింద ఆ అంకమ్మా నలుగురూ ఉన్నారు, మళ్లీ రభస ఎందుకు, నువ్వు సంతకం పెడితే వాళ్లకి చూపించి పంపిస్తా, నీకూ ఇంత బాధ తీరిపోద్ది, అంటూ కాగితం బల్ల మీద పరిచి పెన్ను మూత తీశాడు, బాషా గారు పెన్ను అందుకున్నాడు, కాగితం చదవలేదు, సరేనయ్యా, మీరన్నాక, నా చెయ్యే నాకు అబద్ధం చెప్పిందేమో, వయసొచ్చింది, అన్నాడు, నా చెయ్యే నాకు అబద్ధం చెప్పిందేమో, ఆ మాట వినేసరికి సంతోషకుమారి లేచి నిలబడింది, లేవాలని అనుకోలేదు, కాళ్లే లేచాయి.

బాషా గారూ, సంతకం తర్వాత పెడుదురుగానీ, ఒక్కసారి ఇటొచ్చి పాతదాని ముందు కూర్చోండి, రోజూ కొట్టినట్టే కొట్టండి, అంది, తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది, ఏంటమ్మా ఇప్పుడు, పెళ్లయిపోయాక మేళం, అన్నాడు శ్రీమన్నారాయణ గారు, ఒక్క నిమిషం సార్, మూడో గది ఖాళీయే కదా, అంది, బాషా గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెన్ను చెవి మీద పెట్టుకుని, మాబూబీ మెత్త మీద కూర్చున్నాడు, కూర్చోగానే నడుం నిటారైంది, ఒళ్లో పుస్తకం లేకపోతే ఆ సంతకం కాగితాన్నే ఒళ్లో పెట్టుకున్నాడు, కళ్లు కాగితం మీదకి దిగాయి, చేతులు మీటల మీద వాలాయి, ఏ ఎస్ డి ఎఫ్, ఎంత నెమ్మది, ఎంత శుభ్రం, పై బాణం, పై బాణం, తెర కదల్లేదు, ఏ ఎస్ డి ఎఫ్ అలాగే నిలబడి ఉంది, ఎక్కడికీ పోలేదు, గదిలో చీమ చిటుక్కుమనలేదు, ఎంటర్, అలాంటి కమాండు లేదు అని తెర మీద ఒక వరస వచ్చి కూర్చుంది, శ్రీమన్నారాయణ గారు వంగి తెర వైపు చూస్తున్నాడు, ఏదో అర్థమవుతున్నట్టూ కానట్టూ, బాషా గారు తెర చూడలేదు, తల వంచుకునే, ఆ కాగితానికేసే చూస్తూ, పడిందయ్యా, అన్నాడు, నమ్మకంగా, చిన్నపిల్లాడు లెక్క అప్పజెప్పినట్టు, టింగు రాలేదుగా, పడింది.

టింగు రాలేదుగా, పడింది, ఇదే మాట, ఆ సోమవారం కారం కళ్లతో ఈ గదిలో ఇంజినీరు ముందు నిలబడి ఆయన అన్నదీ ఇదే మాట, టింగు రాలేదండీ, తప్పు కొడితే వచ్చేది, రాలేదంటే పడిందనేగా, అని, ఇంజినీరుకి ఆ మాట అర్థం కాలేదు, ఓనరుకి అర్థం కాలేదు, ఆ రోజు ఈ గదిలో ఆ మాట అర్థమయ్యే మనిషి ఒక్కతే ఉంది, తను, గోడకానుకుని నిలబడి మంచినీళ్ల సీసా మూత బిగిస్తోంది, మూత బిగిసినా ఇంకా బిగిస్తూనే ఉంది, టింగు అనగానే తను రాసిన వరస చప్పున తట్టింది, తట్టిందని ఇప్పుడు కాదు, అప్పుడే తెలుసు, తల తిప్పి ఆ తెర వైపు ఒక్కసారి చూస్తే తెలిసిపోయేది, తిప్పలేదు, కొత్త కంప్యూటరు తన మాట వినకపోతే తప్ప ఇవాళ కూడా తిప్పేది కాదు, ఆయన చూడకుండా కొట్టాడు, అది ఆయనకి ఇరవై రెండేళ్లు అన్నం పెట్టిన విద్య, తను చూడకుండా ఉంది, దానికి ఏ ఇన్‌స్టిట్యూటూ అక్కర్లేకపోయింది, పెట్టె గొంతు నొక్కడానికి ఒక్క వరస చాలింది, తన గొంతు నొక్కుకోవడానికి ఇరవై ఒక్క రోజులు పట్టింది, శుక్రవారం జరిగింది పొరపాటు, సోమవారం నుంచి జరిగింది పొరపాటు కాదు, కింద అంకమ్మ ఎవరినో గట్టిగా ఏదో అడుగుతోంది, చెవి మీద పెన్ను తీయబోతున్న బాషా గారి చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది సంతోషకుమారి, ఆ చెయ్యి వెచ్చగా ఉంది, పడలేదు బాషా గారూ, మీ చెయ్యి అబద్ధం చెప్పలేదు, టింగుని ఆపింది నేను, అంది.